నూట పన్నెండు కిలోల ఇసుక

"రేపు మధ్యాహ్నానికి కారు మంచుకి రెడీ కావాలి," అన్నాడు కర్నల్ దోస్మంబెతొవ్. "జీల్దిజ్ ఒక్కతే వెళ్తుంది. విదేశీ ముఠాకి దొంగ లిస్టు అంటగట్టి వస్తుంది. అంతకుమించి నీకు అక్కర్లేదు."

సగిన్ తలూపాడు. బిష్కెక్‌లో పైకి మెకానిక్, లోపల ఏజెంట్. పదకొండేళ్లుగా అదే వేషం, అదే గ్రీజు. అసలు లిస్టు కర్నల్ దగ్గరున్న మైక్రోఫిల్ము ఒక్కటే, కాపీ లేదు. సరిహద్దు అవతల పనిచేసే నలభై ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి. పదిహేడో పేరు అతని చెల్లెలు మీరిమ్.

మర్నాడు పొద్దున జీల్దిజ్ వచ్చింది. ఒకప్పటి రేసు డ్రైవర్. ఇప్పుడు రెండు దేశాల జీతం, ఒక నక్కతోలు కోటు.

"కనుమలో మంచు పడిందా?"

"గుర్రానికి నాడాలు కొట్టాం."

కోడ్ కుదిరింది. ఆమె వంగి టైర్లు చూసింది.

"చక్రాలు నిటారుగా నిలబెట్టు బైకే," అంది. అక్కడ అన్నని అలాగే పిలుస్తారు. "ఎండాకాలంలోలా వాల్చి వదిలేస్తే మంచు మీద టైరు సగమే ఆనుతుంది. వెనక చక్రాల ముందు అంచులు రవ్వంత లోపలికి. కారు తోక ఊపిందో, నీ తోక కోస్తా."

"నాకు పని నేర్పకమ్మాయ్."

మనిషి బరువుకి సరిపడా ఇసుక బస్తాలు సీట్లో పెట్టందే సగిన్ అలైన్‌మెంట్ ముట్టుకోడు. జపాన్ కారు, స్టీరింగ్ కుడి పక్క. ఆ సీట్లో యాభై ఎనిమిది కిలోలు పెట్టాడు.

"ఎడమ సీట్లో నూట పన్నెండు కిలోలు పెట్టు," అంది.

"ఒక్కదానివే కదా?"

"లగేజీ."

"లగేజీ సీట్లో కూర్చుంటుందా?"

"నోరు కాదు, రెంచీ తిప్పు."

రేసు బుద్ధి! దేశాన్ని అమ్ముకునేటప్పుడూ కారు ఒక పక్కకి లాగకూడదు.

సగిన్ చెయ్యి ఆగిపోయింది. రెండు యాభైలు, ఒక పన్నెండు. ప్రతి చలికాలం కర్నల్ కారులో పెట్టేది ఇవే బస్తాలు. దేశభక్తి మీద గంటలకొద్దీ ఉపన్యాసాలు దంచినవాడు పారిపోతున్నాడు. పారిపోయేవాడు దొంగ లిస్టు ఎందుకు మోస్తాడు?

ఎవరికి చెప్పాలి? సగిన్ రేడియో చేరేది ఒక్క చెవికే. ఆ చెవి కర్నల్‌దే.

చక్రాలు నిటారుగానే నిలబెట్టాడు. వెనక చక్రాల ముందు అంచుల్ని మాత్రం బయటికి తిప్పాడు. పొడి రోడ్డు మీద అది తెలియదు. జీల్దిజ్ వీధిలో ఒక రౌండు కొట్టి, "వెన్నలా ఉంది బైకే!" అంటూ వెళ్లిపోయింది.

సగిన్ పాత జీపులో వెంటపడ్డాడు. తూ-అషూ కనుమ. సొరంగం అవతలి లోయలో వాళ్లని దేశం దాటించే విమానం ఇంజను తిరుగుతూనే ఉంది. సొరంగం ముందు చివరి మలుపులో లారీ ఎదురొచ్చింది. జీల్దిజ్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. అంతే! కారు బొంగరంలా మూడు చుట్లు తిరిగి మంచుగోడలో కూరుకుపోయింది.

సగిన్ ఎడమ తలుపు లాగాడు.

"లగేజీకి దెబ్బలేం తగల్లేదు కదా, కర్నల్ గారూ?"

ఆయన రెండు చేతులా అదిమి పట్టుకున్న బొచ్చుటోపీ లాక్కుని, లోపలి కుట్టు చింపి, ఫిల్ము తీసి లైటరు అంటించాడు.

"వెధవా, ఎవరికి చెప్తావురా?" కర్నల్ నవ్వాడు. "నా మీద ఫిర్యాదు కూడా నా టేబుల్ మీదికే వస్తుంది."

వచ్చింది. విదేశీ గూఢచారిణిని ప్రాణాలకు తెగించి పట్టుకున్నాడని కర్నల్‌కి పతకం. ఆమెకి జైలు. ప్రమాదానికి కారణం మెకానిక్ నిర్లక్ష్యమని రిపోర్టు. సగిన్ ఉద్యోగం ఊడింది. మీరిమ్ బతికింది, ఎందుకు బతికిందో ఆమెకి తెలియదు.

కర్నల్ గారు మాత్రం, ఆ రోజు నుంచి, నూట పన్నెండు కిలోలూ పతకమూ మోసుకుంటూ, ఏ మెకానిక్ ముట్టిన కారూ ఎక్కకుండా, మంచులో కాలినడకనే ఆఫీసుకి వెళ్తున్నారు.