టీచరు కళ్ళు

భీమిలికి ఆవల, సముద్రం మీద తేలే ఊళ్ళో, ఆ ఉదయం ఒకటో తరగతి పిల్లలు కళ్ళజోళ్ళు తగిలించుకుని కాసేపు తేనెటీగలయ్యారు. పూరేకుల మీద అల్ట్రావయొలెట్, అంటే ఊదాకు అవతలి వెలుగుతో గీసిన దారులు చూశారు. తర్వాత పావురాలై, ఇంచుమించు చుట్టూరా ఒక్కసారే కనబడేసరికి గొల్లున నవ్వారు. తల తిరిగిందన్నవాడికి టీచరు వకుళ బెల్లంముక్క పెట్టింది.

2087లో చూపు పాఠం ఇలా నడిచేది ఈ ఒక్క బడిలోనే. మిగతా బళ్ళకూ వెళ్ళాలంటే విద్యాధికారి కోటిలింగం గారి సంతకం కావాలి. ఆయన తలుపు పక్క కుర్చీలో కూర్చుని, తనూ ఒక కళ్ళజోడు తగిలించుకున్నారు. ఈ యంత్రం కోసం వకుళ పదేళ్ళు ఒళ్ళు గుల్ల చేసుకుంది. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

ఆమె పెట్టిన పేరు దృశ్యవాహిని. పిల్లలు మాత్రం కళ్ళటోపీ అంటారు. కంటికి తగిలిందంతా మనం చూడం. ఆప్టిక్ నర్వ్, అంటే దృశ్యనాడి, తెచ్చి పోసినదాన్ని మెదడు చేటలో చెరిగినట్టు చెరిగి, అక్కర్లేదనుకున్నది పారబోస్తుంది. మిగిలినదాన్నే, పెట్టుకున్నవాళ్ళ తలలోంచి టోపీ చదివి పిల్లల కళ్ళజోళ్ళకు పంపుతుంది. పారబోసినచోట బూడిదరంగు పొగ కనిపిస్తుంది.

"ఇప్పుడు మనిషి కళ్ళు," అంటూ వకుళ టోపీ పెట్టుకుని తరగతిని కలయజూసింది. ముందు బెంచీ చార్విక్ చొక్కా గుండీలతో సహా మెరిసిపోయాడు. అందరూ తమను తాము వెతుక్కుని కేరింతలు కొట్టారు.

వెనక, చేతులు కడుక్కునే తొట్టి పక్కన కూర్చునే మేదిని చెయ్యెత్తింది. "టీచర్, నానేటి లేను?"

"ఉన్నావమ్మా, సరిగ్గా చూడు." వకుళ చూపు అటు తిప్పింది గానీ మనసు కోటిలింగం గారి మొహం మీదే ఉంది.

"లేను టీచర్. నా బెంచీ ఉంది. నాకాడ పొగే ఉంది."

"యంత్రంలో లోపమామ్మా?" అన్నారు కోటిలింగం గారు. "అలాగైతే సంతకం పెట్టలేను."

లోపమంటే వకుళ పదేళ్ళ కష్టమూ గంగలో కలుస్తుంది. కాదంటే తన పరువు పోతుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"యంత్రం బాగానే ఉందండి. ఈ పిల్ల అల్లరి చెయ్యదు, ఏదీ అడగదు. నేనే చూడ్డం మానేశాను."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "సంతకం పెడతాను, ఒక షరతు మీద. తేనెటీగలూ పావురాలూ చాలు. టీచర్ల కళ్ళు వద్దు. రేపు పిల్లలు ఇంట్లో అమ్మానాన్నల కళ్ళూ అడుగుతారు."

"మీరొకసారి పెట్టుకుని చూస్తారా?" వకుళ టోపీ తీసి చాచింది.

"నాకెందుకమ్మా ఇప్పుడు," అంటూ ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. అద్దం చూపిస్తే పరిగెత్తే గింజను వకుళ ఆరోజే చూసింది.

"అయితే ఆ సంతకం వద్దండి," అంది. టోపీ మళ్ళీ పెట్టుకుని, నిలబడ్డచోటి నుంచే, ఇంకెవరినీ మనసులోకి రానివ్వకుండా మేదినిని చూసింది. పొగ విడిపోయింది. చెదిరిన బొట్టు, ఊడిన ముందుపన్ను, భుజం దగ్గర పిన్నీసు ఒక్కొక్కటే పైకొచ్చాయి.

"వచ్చీసేను," అంది మేదిని, బుగ్గలు తడుముకుంటూ.

ముందు బెంచీలోంచి చార్విక్ ఏడుపు గొంతు వినబడింది. "టీచర్, ఇప్పుడు నాను పొగైపోనాను."