పలుపుతాడుకు స్పానిష్ మాట

ఏజెంట్ ఆదినారాయణను పొట్టన పెట్టుకుంది ఒక స్పానిష్ మాట. ఢిల్లీ ఆఫీసులో ఎవడో డిక్షనరీ తిరగేసి, మొదట కనబడ్డ మాటను ఒక విదేశీ ముఠాకు పంపే దొంగ కవితలో ఇరికించాడు. విదేశీ ముఠా బాస్‌కు కవిత్వమంటే ప్రాణం. చదవగానే నకిలీ అని పసిగట్టాడు. మర్నాడు కుప్పం స్టేషన్లో, దాన్ని అందించిన ఆదినారాయణ మీద తూటా పేలింది.

అందుకే 1998 ఆగస్టులో, మదనపల్లె టమాటా మండీ వెనక గదిలో, ఏజెంట్ శివకుమార్ ఫోన్లో చీఫ్ మీద మండిపడుతున్నాడు.

ముఠా గురి పుంగనూరు పొట్టి ఆవుల జాతి మీద. రేపు సంతలో ఒక కోడెను కొని సరిహద్దు దాటించడానికి వాళ్ల మనిషి దళారి వేషంలో వస్తాడు. వాడి ముఖం ఎవరికీ తెలియదు. ఆదేశాలు స్పానిష్ కవితల్లోనే అందుతాయి. ప్రతి కవితనూ బాస్ చదివాకే పంపుతాడు. వాటిని రాసేది ముఠాలోని అందాల కవయిత్రి శ్రుతి. ఆమె మన డబుల్ ఏజెంట్.

"కోడెను మెడతాడుతో సహా తెమ్మని రాయిస్తాం సార్. వాడు దొరికిపోతాడు."

"తాడుకు 'క్వెర్దా' అని రాసెయ్. ఏ మాటైతే ఏమయ్యా?"

"ఏమా? ఆదినారాయణ పెండ్లాం ముందర నిలబడి అనండి ఆ మాట! అంగట్లో కొన్న తాడు కూడా క్వెర్దానే!" ఫోన్ విసిరి పెట్టేశాడు.

"'సోగా' అని రాస్తాండాను అన్నా," అంది పక్కనే కూర్చుని కవిత రాస్తున్న శ్రుతి. "గొడ్ల మెడలో ఉండే ముతక తాడు. ఆ బాస్ పుట్టింది పశువుల పల్లెలోనే. ఈ మాటకు కరిగిపోతాడు."

"తప్పితే?"

"తప్పితే ఆదినారాయణన్న పక్కన నా పేరూ రాసుకో."

మర్నాడు పుంగనూరు సంతలో శివకుమార్ రాగుల మూట భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. మూటలో వైర్‌లెస్ ఉంది. దళారులు వందమంది ఉన్నారు. అందరివీ ఒకే రకం పంచెలు, తువ్వాలు కింద వేళ్లు పట్టి చేసే బేరాలు.

ఉన్నట్టుండి ఒక ఆడమనిషి గొంతు లేచింది. కోడెను అమ్మిన తిమ్మక్క దాని మెడ నుంచి పలుపు విప్పి భుజాన వేసుకుంది. కొన్నవాడు అది పట్టుకుని లాగుతున్నాడు.

"తాడూ కావాలి!"

"గొడ్డునమ్మితే పలుపు కూడా ఇస్తారా యాడన్నా? మా కొట్టంలో ఇంక గొడ్డు నిలబడొద్దా? యా వూరప్పా నీది?"

వాడు తువ్వాలు కింద నుంచి పిస్తోలు తీసి ఆమె నుదుటికి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోగా రాగుల మూట వాడి మొహాన పడింది. వెనకే శివకుమార్ పిడికిలి పడింది. అది ఆదినారాయణ కోసం. రెండోది శ్రుతి కోసం. మూడోది చీఫ్‌కు తగలాల్సింది, వీడికి తగిలింది.

తిమ్మక్క పలుపుతోనే వాడి చేతులు వెనక్కి విరిచి కట్టి జీపు ఎక్కించబోయాడు. ఆమె అడ్డం నిలబడింది.

"మనిషిని యాడికన్నా తీసకపో అప్పా. పలుపు మాత్రం ఈడ ఇచ్చిపో."