మూడో ప్రశ్నకి రాసిన జవాబు

పొద్దున్న ఆరున్నరకి కుట్టుమిషన్ ముందు కూర్చుంది గాని, ఆవిడ చెవులు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి. ఒక స్కూలు వాళ్ళు ఇచ్చిన ఇరవై కర్టెన్లలో పదకొండోదానికి అంచు మడుస్తోంది. కింద గేటు చప్పుడైంది. మూడు నెలల కిందటి దాకా ఆవిడ భర్త పరుగు నుంచి వచ్చి కూడా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు. ఇప్పుడు ఒక్కొక్కటే. రెండో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి అడుగుల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. లోపల లెక్కపెట్టుకుంటోంది. ముప్ఫై. నలభై. మొదటిసారి ఇలా ఆగినరోజు పైనుంచి తొంగి చూసింది. ఆయన కరెంటు మీటర్ల డబ్బా ముందు నిలబడి అంకెలు శ్రద్ధగా చదువుతున్నాడు. ఊళ్ళోవాళ్ళ మీటర్లతో ఈయనకేం పని అనుకుంది. అప్పుడు కనిపించింది, ఒక చెయ్యి గోడకి ఆనించి ఉంది, రెండో చెయ్యి రొమ్ము మీద ఉంది. చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేసింది.

అరవై ఎనిమిది దగ్గర అడుగులు మళ్ళీ కదిలాయి. భగవంతుడా అనుకుని చక్రం తిప్పింది.

ఆయన లిఫ్ట్ మెకానిక్. చుట్టుపక్కల భవనాల వాళ్ళందరికీ లిఫ్టాయన అంటేనే తెలుస్తుంది. తన కాపురం మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. యాభై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట పొట్ట తగ్గాలని నడక మొదలుపెట్టాడు. నడక పరుగైంది, పరుగు పిచ్చైంది. ఇప్పుడు పది కిలోమీటర్ల పోటీకి పేరిచ్చాడు. అది రేపే.

"ఇంతసేపయిందేమండీ?" అంది కాఫీ గ్లాసు అందిస్తూ.

"కింద ఒకాయన మాటల్లో పెట్టాడు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. పోలీసువా నువ్వు?" నవ్వాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి.

ఆవిడ ఇంకేం అడగలేదు. ఆ ఇంట్లో అడగరు. అత్తగారు నేర్పిన పద్ధతి అది. జబ్బు పేరు నోటితో పలికితే ఇంట్లోకి పిలిచి పీట వేసినట్టే అనేది ఆ మహాతల్లి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. జ్వరం వస్తే ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందనాలి. ఎవరైనా పలకరిస్తే గుండ్రాయిలా ఉన్నామనాలి. అత్తగారు పోయి పదేళ్ళయినా పద్ధతి పోలేదు. అందుకే ఈ రెండు నెలలుగా ఆవిడ రోజూ దీపం పెట్టి దేవుడికి చెప్పుకుంటోంది. దేవుడికి చెప్పుకున్నంత సులువుగా మనిషితో చెప్పలేకపోయింది.

తొమ్మిదింటికి కూతురు వచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో పని. చేతిలో రేపటి పరుగుకి తొడుక్కునే పసుపు బనియను, దాని మీద పెద్ద అంకె.

"ఇదిగో నాన్నా. నిన్న నేనే క్యూలో నిలబడి తెచ్చా. తొడుక్కో, ఫొటో తీస్తా."

"ముందు ఆ కాగితం ఏదీ, మీ అమ్మకి మళ్ళీ చూపించు. పొద్దున్నే నన్ను కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతోంది."

ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీదే అతికించి ఉంది. నెల కిందట పుట్టినరోజుకి కూతురు తండ్రిని ఫిట్‌నెస్ పరీక్షలు చేసేచోటికి తీసుకెళ్ళింది, తోడుగా ఆవిడా వెళ్ళింది. పెద్ద క్రీడాకారులకి చేసే పరీక్ష, ఇప్పుడు మామూలు వాళ్ళకీ చేస్తున్నారు. ముఖానికి గొట్టం ఉన్న ముసుగు తగిలించి, ఛాతీకి పట్టీ కట్టి, కదిలే పట్టా మీద పరిగెత్తించారు. చివర్లో కాగితం ఇచ్చారు. వయసు యాభై ఆరు, శరీరం వయసు నలభై ఏడు. ఆ రోజు నుంచి ఆయన ఇంటికి వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళకంటే ముందు ఆ కాగితమే ఇస్తున్నాడు.

ఆవిడ మాత్రం ఆ కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు రోజూ చదువుతోంది. పరీక్ష మధ్యలో ఆపారు, కారణం కాలి కండరం పట్టేయడం. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆయనకి కాలు పట్టేయడం ఆవిడ చూడలేదు.

"రేపు వెళ్ళొద్దండీ," అంది.

"అమ్మా, మళ్ళీ మొదలుపెట్టావా? మెషీన్ చెప్పింది కదా నలభై ఏడని. నీ భయం నీది, నాన్నని ఎందుకు ఆపుతావ్?"

"నన్ను ముసలాణ్ణి చేసి ఓ మూల కూర్చోబెడితే గానీ మీ అమ్మకి నిద్ర పట్టదే," అన్నాడు ఆయన బనియను మడత విప్పుతూ.

ఆవిడ చేతిలోని కత్తెర కింద పెట్టేసింది. "ఆ మెషీన్‌కి నేను అబద్ధం చెప్పాను."

"ఏంటీ?"

"పరీక్షకి ముందు ప్రశ్నల కాగితం ఇచ్చారు. మీ నాన్న కళ్ళజోడు మర్చిపోయారు. నేను చదువుతున్నా, లేదు రాయి, లేదు రాయి అంటున్నారు. మూడో ప్రశ్న, శ్రమ పడ్డప్పుడు ఛాతీలో నొప్పి గాని బిగుతు గాని ఉంటుందా అని. లేదన్నారు. నాకు తెలుసు ఉందని. మెట్ల మీద కళ్ళారా చూశాను. కలం ఆగింది. ఆగినా, లేదనే రాశాను."

కూతురు తల్లిని చూసింది, తండ్రిని చూసింది. "నాన్నా?"

"ఏదో గ్యాసు. దానికింత రామాయణమా?"

కూతురు ఫోను తీసి, అందరికీ వినిపించేలా పెట్టి, ఆ పరీక్షల వాళ్ళకి చేసింది. మాట్లాడిన అమ్మాయి గొంతు లేతగా ఉంది. అంతా విని అంది. "మేడమ్, మేం చేసేది ఒంట్లో ఎంత ఓపిక ఉందో కొలవడం. గుండెకి రక్తం సరిగ్గా అందుతోందా లేదా అన్నది మా పరీక్షలో తేలదు. అందుకే ముందు ఆ ప్రశ్నలు. మూడోదానికి అవునని ఉంటే సార్‌ని పట్టా ఎక్కనిచ్చేవాళ్ళమే కాదు, డాక్టర్ దగ్గరికి పంపేవాళ్ళం. దయచేసి ఇవాళే తీసుకెళ్ళండి. రేపు మాత్రం పరిగెత్తనివ్వకండి."

కూతురి మొహంలో రంగు పోయింది. ఆయన మాత్రం బనియను భుజాన వేసుకుని లేచాడు.

"అందరూ కలిసి నన్ను చంపేసేలా ఉన్నారు. నేను పనికి పోతున్నా. తప్పుకో."

ఆవిడ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెళ్ళయ్యాక ఆయనకి ఎదురు నిలవడం అదే మొదలు.

"ఒక్కటి చెప్పి వెళ్ళండి. మీరు లిఫ్టు పరీక్ష చెయ్యడానికి వెళ్తారు. బరువులు పెట్టి కిందికీ పైకీ తిప్పుతారు. దానికంటే ముందు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం?"

"మీరే చెప్పారు నాకు. రోజూ ఎక్కేవాళ్ళని అడుగుతారు, ఏమైనా చప్పుడొస్తోందా, ఎక్కడైనా కుదుపు ఉందా అని. వాళ్ళు చప్పుడుందని తెలిసీ లేదంటే? మీ బరువులు అన్నీ సరిపోయాయని సంతకం పెడతారు. ఆ తర్వాత అందులో ఎవరెక్కుతారు? పిల్లలెక్కుతారు."

ఆయన భుజాన ఉన్న బనియను తీసి చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ గుమ్మం వదల్లేదు.

"రోజూ మెట్ల మీద మీ అడుగులు ఆగుతాయి. నేనిక్కడ అంకెలు లెక్కపెడతాను. ఇవాళ అరవై ఎనిమిది. రేపు ఎంత దాకా లెక్కపెట్టమంటారు?"

ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి, కుట్టిన కర్టెన్ల గుట్ట మీదే కూలబడ్డాడు.

"ఆ నొప్పి పట్టా మీద కూడా వచ్చింది," అన్నాడు. "రాయి పెట్టినట్టు. ఎడమ దవడ దాకా పాకింది. పరీక్ష చేసే పిల్ల ఏమైంది సార్ అంది. కాలు పట్టేసిందన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు. చెబితే నిజమైపోతుందనిపించింది. ఆ కాగితం మీద నలభై ఏడని చూశాక, అమ్మయ్య, అదంతా ఉత్తదే అనుకున్నా. రోజూ ఆ అంకె చూసుకుని బయల్దేరేవాణ్ణి." తల ఎత్తాడు. కళ్ళనిండా నీళ్ళు. "నాకు చాలా భయంగా ఉందే."

ఆ మాట ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. పక్కన కూర్చుని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. కూతురు అప్పటికే కారు కోసం ఫోను చేస్తోంది.

మూడంతస్తులు దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టూ ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగింది. ఆస్పత్రిలో తీగలు తగిలించారు, రక్తం తీశారు. అవన్నీ చూసి గుండె డాక్టరు ఆయన్ని తిరిగి ఇంటికి పంపలేదు. నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఫొటోలు తీస్తే, ప్రధాన రక్తనాళం ఒకటి ముప్పాతిక పైన మూసుకుపోయిందని తేలింది. "రేపు పది కిలోమీటర్లు పరిగెత్తుదామనుకున్నారా?" అని అడిగి, ఆ మాట అక్కడితో వదిలేశాడు. ఆ వదిలేసిన మిగతా సగం ఆవిడకి వినిపించింది.

సాయంత్రం లోపలే ఆ నాళంలో, దాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేశారు. ఆయన తలుపు వెనక ఉన్న ఆ గంటన్నర ఆవిడకి ఏ ప్రార్థనా పూర్తిగా గుర్తు రాలేదు. కాపాడు అన్న ఒక్క మాటే తిప్పితిప్పి అంది. అది చాలినట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలకి రంగు వచ్చింది. కూతురు మంచం చివర నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"అంతా నావల్లే నాన్నా. ఆ పరీక్షకి తీసుకెళ్ళకుండా తిన్నగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది. దండగ పరీక్ష."

"దాన్నెందుకే తిడతావ్? అది అడగాల్సింది అడిగింది. మనమే చెప్పలేదు," అన్నాడు. "నయమయ్యాక డాక్టరు సరేనంటే మళ్ళీ వెళ్తా. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని నేనే రాస్తా."

కూతురు నవ్వబోయి ఏడ్చేసి, మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. ఇద్దరే మిగిలారు. ఆయన భార్య వైపు తిరిగాడు.

"నీకు ఒంట్లో ఏమైనా ఉందా?"

"నాకేం, గుండ్రాయిలా..." అలవాటుగా మాట పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బయట నర్సులు మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఒళ్ళో ఉన్న తన కుడి చేతిని చూసుకుంది.

"ఈ చెయ్యి," అంది మెల్లగా. "ఆర్నెల్లుగా పొద్దున్న లేచేసరికి మొద్దుబారిపోతోంది. మొన్న రెండుసార్లు కత్తెర జారిపోయింది. ఎవరితోనూ అనలేదు."

ఆయన కష్టపడి పక్కకి జరిగి, మంచం మీద ఆవిడకి చోటిచ్చాడు. ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్యకి తీసుకున్నాడు.

"కూర్చో," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."