రెండు చెవుల్లో ఒకే గొంతు

"మీకు ప్రోగ్రామింగ్ వచ్చా నేతన్?"

"రాదు సార్."

"మంచిది. ఈ రోజు మీరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్."

పంజగుట్టలో ఒక కళ్లద్దాల షాపు పైన, బోర్డు లేని ఆఫీసులో కూర్చుని చీఫ్ హనుమత్ప్రసాద్ ఈ మాట అన్నాడు. ఆయన ఎవరినీ నమ్మడు. టీ వచ్చినా ముందు ఎదుటివాడు తాగాలి. ఏజెంట్ నేతన్ ఒక గుక్క తాగాడు. చీఫ్ కాసేపు అతని మొహం పరిశీలించి, తన కప్పు ఎత్తాడు.

"విదేశీ ముఠా. ఇక్కడ వాళ్ల మనిషి చక్రపాణి. అమీర్‌పేటలో ట్రావెల్స్ ఆఫీసు ముసుగు. అంబులెన్స్ కంట్రోల్ రూమ్ సర్వర్ మీద ఒకేసారి లక్షల రిక్వెస్టులు కుమ్మరించి పడగొట్టాలని ప్లాన్. ఇవాళ నిమజ్జనం కదా, సాయంత్రం కొడతారని సమాచారం."

నేతన్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఆ కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తేవాళ్లలో అతని భార్య జెనీఫర్ ఒకతె. రోడ్లన్నీ జనంతో నిండిపోయే రోజు, ఏ అంబులెన్స్ ఎక్కడుందో చెప్పే సర్వర్ పడిపోతే ఆమె చేతిలో మిగిలేది ఉత్త ఫోనే. అతనికి నిజంగానే భయం వేసింది.

"వాళ్ల కోడ్ స్లోగా ఉంది. దాన్ని స్పీడ్ చెయ్యడానికి ఫ్రీలాన్సర్ కావాలని యాడ్ ఇచ్చారు. మీ పేరుతో అప్లై చేశాం. వెళ్లి ఆ కోడ్ ఫోటోలు పట్టుకురండి. ఈ పెన్నులో కెమెరా ఉంది."

"ఇంటర్వ్యూలో ఏమైనా అడిగితే సార్?"

చీఫ్ డ్రాయర్ లోంచి పెసరగింజంత ఇయర్‌పీస్ తీశాడు. "అమీర్‌పేటలో ఉద్యోగాలు తెచ్చుకునే పద్ధతే. ఇది మీ చెవిలో ఉంటుంది, మైకు కూడా ఇందులోనే. అవతల ప్రాక్సీ ఉంటాడు. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే దుర్గేష్ అని ఒకడిని మాట్లాడాం. వాడు జవాబు చెప్తాడు, మీరు అప్పజెప్పండి. మామూలు ఇంటర్వ్యూ అనే చెప్పాం వాడికి."

"మన టెక్నికల్ వింగ్‌ని అడగచ్చు కదా?"

"అడిగాను. ఫైల్ కదులుతోంది. దీపావళికి వస్తుంది."

నేతన్ లేచాడు. చీఫ్ గొంతు తగ్గించాడు. "అక్కడ మంజూష అని ఒకామె ఉంటుంది. మన మనిషే. వాళ్ల మనిషి కూడా. అసలు ఎవరి మనిషో నాకే ఈ మధ్య అనుమానంగా ఉంది. జాగ్రత్త."

అమీర్‌పేటలో ఆ బిల్డింగ్ నాలుగో అంతస్తులో తలుపు తీసిన మనిషిని చూసి నేతన్ ఒక్క క్షణం తన పేరు మరిచిపోయాడు. నల్ల షిఫాన్ చీర, ముదురు రంగు లిప్‌స్టిక్, ఏమీ చెప్పని కళ్లు.

"లిఫ్ట్ పనిచేస్తుందా?" అన్నాడు. అది కోడ్ మాట.

"కిందికి మాత్రమే," అంది మంజూష. జవాబు సరిగ్గానే ఉంది. కానీ అతని జేబులో పెన్ను లాక్కుని తన బ్యాగులో పడేసింది. "లోపలికి పెన్నులు తీసుకెళ్లకూడదండీ."

మొదటి నిమిషంలోనే కెమెరా పోయింది. ఈమె మన మనిషి అయితే ఇలా ఎందుకు చేస్తుందని నేతన్‌కి ఒళ్లు మండింది.

లోపల చక్రపాణి కూర్చున్నాడు. సఫారీ సూటు, జుట్టు చెవుల మీదకి దువ్వుకున్నాడు. ల్యాప్‌టాప్ పక్కన పిస్టల్.

"ఈ ఊళ్లో అంతా ప్రాక్సీలేనంట. మంజూషా, ఇతని చెవులు చూడు."

మంజూష వంగింది. సెంటు వాసన గుప్పుమంది. ఆమె కళ్లు ఇయర్‌పీస్ మీద ఆగడం నేతన్‌కి తెలుస్తూనే ఉంది.

"ఏమీ లేదండీ," అంది.

ఎందుకు కాపాడింది? పెన్ను ఎందుకు లాక్కుంది? నేతన్ లెక్క తేల్చుకునేలోపే చెవిలో దుర్గేష్ గొంతు వినిపించింది. కానీ అది జవాబు కాదు, ప్రశ్న. ఇంకో ఫోన్లో ఎవరికో నెమ్మదిగా చెప్తున్నాడు: "వంద రిక్వెస్టులు పంపాలంటే టైమ్ ఎందుకు వేస్ట్ అయితుందో అడుగుండ్రి సార్."

చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. "వంద రిక్వెస్టులు పంపాలంటే టైమ్ ఎందుకు వేస్ట్ అవుతుంది?"

చక్రపాణి జుట్టు కింద కూడా ఒక పెసరగింజ ఉందన్నమాట. ముఠా కూడా ప్రశ్నలు అడగడానికి అమీర్‌పేట ప్రాక్సీనే పెట్టుకుంది. అదే ప్రాక్సీని.

తన ప్రశ్న నేతన్ మైకు లోంచి తిరిగి వినపడేసరికి దుర్గేష్‌కీ సంగతి అర్థమైంది. ఆ రెండో ఫోన్ మూసి గొంతు తగ్గించాడు. "అరె! అన్నా, నువ్వు గీడనే ఉన్నవా? ఫికర్ చెయ్యకు. ఇద్దరూ నా క్లయింట్లే. ఒకరి ముచ్చట ఒకరికి చెప్ప. ఇగ జవాబు చెప్పు: టిఫిన్ సెంటర్ల ఒకడు దోసె తినేదాంక రెండోవాడికి టోకెన్ ఇయ్యకపోతే ఎట్లుంటది? గట్లుంది నీ కోడ్. జవాబు కోసం ఆగకుండా అందరికీ టోకెన్లు ఇచ్చేయాలె."

నేతన్ అప్పజెప్పాడు. చక్రపాణి ముచ్చటపడి ల్యాప్‌టాప్ ముందుకు తోశాడు. దుర్గేష్ చెప్పింది చెప్పినట్టు నేతన్ టైప్ చేశాడు. టెస్ట్ రన్‌లో ప్రోగ్రామ్ దూసుకుపోయింది. పనిలో మోసం చెయ్యడం దుర్గేష్‌కి తెలియదు మరి.

"శభాష్," అన్నాడు చక్రపాణి, "సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే కొట్టేద్దాం."

కింద రోడ్డు మీద తీన్‌మార్ దరువు మొదలైంది. అతను ఒక బటన్ నొక్కగానే కోడ్ విదేశీ సర్వర్లన్నిటికీ వెళ్లిపోయింది. ఇక ల్యాప్‌టాప్ పగలగొట్టినా లాభం లేదు. టార్గెట్ అడ్రస్ ఒక్కటే మిగిలింది. చక్రపాణి పిస్టల్ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో అడ్రస్ కొట్టడం మొదలుపెట్టాడు.

నేతన్ దగ్గర ఆయుధం లేదు. చెవిలో ఉన్నవాడు ఎవరి పక్షమో తెలియదు. అయినా మైకు తెరిచే ఉంది.

"సార్, అది అంబులెన్స్ కంట్రోల్ రూమ్ అడ్రస్ కదా?" అన్నాడు గట్టిగా.

పిస్టల్ అతని వైపు తిరిగింది. "నీకెందుకు?"

"ఇవాళ ఎవరైనా లారీ కింద పడితే అక్కడ ఫోన్ ఎత్తేది మా జెనీఫర్ సార్. బండి ఎక్కడుందో తెలియకపోతే వాళ్లకి ఏం చెప్తుంది?"

చెవిలో నిశ్శబ్దం. దుర్గేష్ లైన్ కట్ చేశాడేమో అనుకున్నాడు. చక్రపాణి వేలు ఎంటర్ మీదకి వెళ్లింది.

అప్పుడు ఆ గొంతు రెండు చెవుల్లోనూ ఒకేసారి పలికింది. "ఆగుండ్రి సార్! గా అడ్రస్ డైరెక్టుగ కొడితే పోలీసులు పట్టుకుంటరు. అది తీసేసి నేను చెప్పేది కొట్టుండ్రి. వన్ ట్వంటీ సెవెన్ డాట్ జీరో, డాట్ జీరో, డాట్ వన్."

చక్రపాణి ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, ఒక్కొక్క అంకే కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.

స్క్రీన్ మీద విదేశీ సర్వర్లు ఒకటి తర్వాత ఒకటి ఎర్రబడి ఆరిపోయాయి. అతను నోరు తెరిచి చూస్తుండగా మంజూష అతని మణికట్టు మెలిపెట్టింది. పిస్టల్ నేల మీద పడింది. నేతన్ దాన్ని అందుకున్నాడు.

"ఆ నంబర్ అంటే ఏ మెషిన్‌కి ఆ మెషినేనండీ," అంది మంజూష చక్రపాణితో. "ఏ సర్వర్ మీద ఆ సర్వరే పడి చచ్చింది. ఇక్కడ ఏ కోచింగ్ సెంటర్‌లోనైనా మొదటి క్లాసులోనే చెప్తారు. మీరు క్లాసుకి వెళ్లలేదు." తర్వాత నేతన్‌కి పెన్ను తిరిగి ఇచ్చింది. "మీ చీఫ్ గారు ఇచ్చే పెన్నులు ఫోటో తీస్తే టిక్కుమంటాయి. అందుకే లాక్కున్నాను."

నేతన్ ముందు జెనీఫర్‌కి ఫోన్ చేశాడు. "లైన్లో మనుషులున్నారు, తర్వాత చెయ్యి," అని పెట్టేసింది. అతనికి ప్రాణం లేచి వచ్చింది.

వారం తర్వాత దుర్గేష్‌ని డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకోవాలని నిర్ణయించారు. అనుమానం చీఫ్ రక్తంలోనే ఉంది కాబట్టి ఇంటర్వ్యూ తప్పలేదు. జుట్టు చెవుల మీదకి దువ్వుకుని కూర్చుని, హనుమత్ప్రసాద్ గుక్క తిప్పుకోకుండా ఒక భయంకరమైన ప్రశ్న అడిగాడు. నేతన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

దుర్గేష్ మాత్రం తృప్తిగా తలాడించాడు.

"ప్రశ్న మస్తుగుంది సార్. మీ చెవుల చెప్తున్న పోరడు నా స్టూడెంటే."