ఊపిరి చదివే పిల్ల

లిడియా మా మనవడు బాబీని మొదటిసారి కలిసింది జుట్టు పట్టుకుని. ఉన్నమాటే చెబుతున్నాను, అన్నం క్యారేజీతో గట్టు మీద నేనే నిలబడి ఉన్నాను.

కైకలూరు అవతల మా రొయ్యల చెరువు. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ రెక్కలకు తాడు చుట్టుకుంటే, కరెంటు ఆపి బాబీ మునిగాడు. ఊపిరి బిగబట్టడం వాడికి చిన్నప్పటినుంచీ సరదా. పక్క చెరువు యోసేపు మేనకోడలు లిడియా, తాడేపల్లిగూడెం పిల్ల, సెలవులకు వచ్చి గట్టు వెంట నడుస్తోంది. ఒడ్డున చెప్పులు, నీళ్లలో బుడగలు చూసింది. అంతే! కొత్త చుడీదారుతో దూకేసింది.

"మిమ్మల్ని ఎవరు దూకమన్నారండీ?" అన్నాడు బాబీ, జుట్టు విడిపించుకుంటూ.

"మునిగిపోతున్నారు కదండీ!"

"ఒక్కసారి నిలబడి చూడండి."

నిలబడింది. నీళ్లు భుజాల దాకా కూడా రాలేదు. అప్పుడే వాన మొదలైంది. ఇద్దరూ తడిసే ఉన్నారు గనక ఎవరూ పరుగెత్తలేదు.

షెడ్డులో తువ్వాలిచ్చి, టీ పోసి, ఏం చదువుతున్నావమ్మా అని అడిగాను.

"హైదరాబాదులో పీహెచ్‌డీ అండీ మామ్మగారూ. ఊపిరి మీద."

"ఊపిరికి చదువెందుకు తల్లీ? అందరికీ వచ్చిందేగా!"

నవ్వింది. మెదడు అడుగున కొన్ని కణాలు 'పీల్చు, వదులు' అని తాళం వేస్తుంటాయట. ఆ పిలుపు అందుకుని కండరాలను కదిపేవి మోటార్ న్యూరాన్లట. ఎలుకపిల్ల మెదడులో పల్చటి ముక్క తీసి గాజుగిన్నెలో పెడితే, ఆ ముక్క ఇంకా తాళం వేస్తూనే ఉంటుందట. నాకు ప్రాణం ఉసూరుమంది.

"పిలుపు చిన్నదైతే న్యూరాన్ పలకదు మామ్మగారూ. అప్పుడు న్యూరోపెప్టైడ్ అని ఒక చుక్క వేస్తాను. అది వేశాక చిన్న పిలుపుకే పలకడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంకో రకం పెప్టైడ్ వేశామనుకోండి, ఎంత పిలిచినా మొద్దులా పడుంటుంది."

"మా మామ్మ గురకకి ఏ రకం కావాలండీ?" అన్నాడు బాబీ.

"నిద్రలో నాలుకను పట్టి ఉంచే న్యూరాన్లు బద్ధకిస్తాయండీ. అందుకే గురక. దానికి మందు దొరుకుతుందేమోనని మా ఆశ."

"అయితే త్వరగా కనిపెట్టండి. నేను నిద్రపోయి చాన్నాళ్లయింది."

వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ పిల్ల చూపు మాత్రం వాడి తడి జుట్టు మీదే ఉంది.

హైదరాబాదు వెళ్లాక రోజూ సాయంత్రం ఫోన్లు. "మీ న్యూరాన్లు పలికాయా అండీ?" అని వీడు. "మీ రొయ్యలు మేత తిన్నాయా?" అని ఆ పిల్ల. ఒక్కోసారి మాటలే ఉండేవి కావు. వీడు ఫోను చెరువు వైపు పట్టుకునేవాడు. ఆ నీళ్ల చప్పుడు వింటూ తను అక్కడ, వింటోందని తెలిసి వీడిక్కడ.

ఓ రోజు లిడియా నాన్నగారు అబ్రహాం మాస్టారు మా ఇంటికి వచ్చారు. కోపంగా కాదు. కాఫీ తాగారు.

"బాబూ, దాని థీసిస్ ఆఖరికొచ్చింది. రాయాల్సిన వేళ ఫోన్ ముందు కూర్చుంటోంది. సబ్మిట్ చేసేదాకా మాట్లాడకు. నేనన్నానని దానికి చెప్పకు. మంకుపట్టు పిల్ల, చదువు మానేసి నాతో యుద్ధానికొస్తుంది."

"అలాగేనండీ" అనేశాడు వీడు.

"ఆ పిల్ల ఏమనుకుంటుందిరా?" అన్నాను.

"పెద్దాయన అడిగారు మామ్మా. మాటిచ్చాను."

ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్లకు అదీ మోగడం మానేసింది. అన్నం పెడితే తినేవాడు, తిన్న కూరేమిట్రా అంటే చెప్పలేకపోయేవాడు. వాన పడితే షెడ్డులో కూర్చోక గట్టు మీదే నిలబడేవాడు.

థీసిస్ ఇచ్చేసిందని యోసేపు చెప్పగానే బాబీ ఫోన్ చేశాడు. కలవలేదు. నంబరు బ్లాక్ చేసేసింది. పైగా ఏలూరు సంబంధంవాళ్లు చూపులకు వస్తున్నారట, ఆ పిల్ల సరేనందట.

ఆదివారం వీణ్ణి లాక్కుని తాడేపల్లిగూడెం చర్చికి వెళ్లాను. మా క్రైస్తవుల్లో, దేవుడి వల్ల మేలు జరిగినవాళ్లు ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతారు. చెప్పేవాళ్లను ఎవరూ మధ్యలో ఆపరు.

లిడియా మైకు పట్టుకుంది. చిక్కిపోయింది.

"చదువు పూర్తి చేయించిన దేవుడికి స్తోత్రం. రోజూ మాట్లాడే ఒకరు, కారణం చెప్పకుండా మానేశారు. ఆ సాయంత్రాలు నాకు థీసిస్ కంటే కష్టమయ్యాయి. పిలిచి పిలిచి అలిసిపోయాను..."

వెనక బెంచీలో బాబీ తల దించుకున్నాడు. "చెప్పరా" అని మోచేత్తో పొడిచాను. తల అడ్డంగా ఊపాడు. మాస్టారి పరువు పోతుందట! ఇక నేనే లేద్దామని చీర సర్దుకుంటుంటే, ముందు వరసలో అబ్రహాం మాస్టారు లేచారు.

"నాదీ ఒక సాక్ష్యం ఉందండీ. ఆ అబ్బాయిని మాట్లాడొద్దన్నది నేను. నా పేరు బయటపెట్టకుండా ఇప్పటికీ వెనక కూర్చునే ఉన్నాడు. ఏలూరువాళ్లకి నేను చెప్పుకుంటాను. లిడియమ్మా, నీ ఇష్టం."

చర్చి అంతా వెనక్కి తిరిగింది.

"బాబీగారూ, ఒక్క మాట చెప్పొచ్చుగా!" అంది లిడియా, మైకులోనే.

"మాటిచ్చానండీ."

"నన్నడక్కుండా నా గురించి మాటివ్వడానికి మీరెవరండీ?"

వీడు లేచి నిలబడ్డాడు. "తప్పేనండీ. ఇక ఎవరికీ ఇవ్వను. మీకొక్కరికే ఇస్తాను."

ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నా ఫోనిలా ఇవ్వు" అంది. తల్లి క్యాథరిన్ సంచిలోంచి తీసిచ్చింది. దాని మీద ఏదో నొక్కి, "ఇప్పుడు చెయ్యండి" అంది.

వీడు నంబరు నొక్కాడు. ఫోను మోగింది.

"తియ్యమ్మా" అన్నారు పాస్టరుగారు.

చెవి దగ్గర పెట్టుకుంది. చర్చికి ఆ చివర తను, ఈ చివర వీడు. లిడియా రెండో చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఊపిరి ఒక్కటే చర్చి అంతా వినబడింది.