లాకరు గదిలో గుండె చప్పుడు

చీకటి పడ్డాక ఆ పాత బ్యాంకు భవనం పక్క నుంచి ఎవరూ నడవరు. నడిచినా అవతలి వైపు నుంచే... అదీ ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నట్టు నటిస్తూ.

బ్యాంకు ఎప్పుడో వేరే చోటికి వెళ్ళిపోయింది. నేల కింద లాకరు గది మాత్రం అలాగే మిగిలింది. మందపాటి గోడలు, జానెడు మందం ఇనప తలుపు. బ్యాంకున్న రోజుల్లో వరసగా సెలవులొచ్చినప్పుడు లోపలున్న మనిషిని చూసుకోకుండా తాళం వేసేశారట. అతను క్యాషియరని కొందరంటారు, దొంగని కొందరంటారు. రెండింటికీ పెద్ద తేడా లేదని అందులో డబ్బు దాచుకున్నవాళ్ళంటారు. ఎవరైతేనేం... పోయాడు.

ఈ మధ్య అతని గుండె కూడా వినిపిస్తోందట.

దుమ్... దుమ్... దుదుమ్...

ఆ గదిలోనే కళ్ళజోళ్ళ షాపాయన, ఇద్దరు స్నేహితులు పాటల ప్రాక్టీసు పెట్టుకున్నారు. దెయ్యం పుణ్యమా అని అద్దె తక్కువ. పళ్ళ డాక్టరు డ్రమ్స్ వాయిస్తాడు. లెక్కల మాస్టారు కీబోర్డు వాయిస్తూ పాడతాడు. షాపాయనది బేస్ గిటారు.

అలాంటిలాంటి బేస్ కాదు. పేరున్న పనివాడు చేత్తో చేసింది. దాని మెడ ఏ చెట్టుదో, ఒళ్ళు ఏ చెట్టుదో, ఆ చెక్క ఎన్నాళ్ళు ఎండిందో కళ్ళు చూపించుకోడానికి వచ్చినవాళ్ళక్కూడా చెప్పేవాడు. ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేముతో వాళ్ళు లేచి పారిపోలేరు కదా, పాపం!

"మరి నాలుగు తీగలే ఉన్నాయేం బాబూ? మిగతావి తెగిపోయాయా?" అని అడిగింది ఒక పెద్దావిడ. ఆవిడకి ఆ రోజు డిస్కౌంటు దొరకలేదు.

ఇక వాయించడం సంగతంటారా... వాయించేవాడు. వాళ్ళ పాటలో ఒకచోట గట్టి మెలిక ఉంది. అక్కడ ఏడాదిగా బోర్లా పడుతూనే ఉన్నాడు. పడ్డ ప్రతిసారీ స్పీకరు వంక అనుమానంగా చూసేవాడు.

ఇంతలో విడ్డూరాలు మొదలయ్యాయి. బేస్‌ని ఆ గదిలోనే బీరువాలో పెట్టి తాళం వేస్తాడా... మళ్ళీ తీసేసరికి భుజానికి వేసుకునే బెల్టు కురచగా అయిపోయి ఉండేది. శ్రుతి తప్పిన తీగ దానంతటదే శ్రుతిలోకి వచ్చి ఉండేది.

డాక్టరుతో చెప్పాడు. ఆయన మొహం గంభీరంగా పెట్టాడు. పన్ను పీకే ముందు పెట్టే మొహం.

"ఎవరితోనూ అనకండి..." గొంతు తగ్గించాడు. "చీకటి పడ్డాక మాత్రం మీరిటు రావద్దు. అసలే సున్నితమైన మనిషి."

"దెయ్యమంటారా?"

"బెల్టు కురచైందన్నారుగా... పొట్టి దెయ్యం."

ఆ రోజు నుంచి షాపాయన ఆదివారం పొద్దున తప్ప అటు తొంగి చూడలేదు.

ఒక సాయంత్రం కొత్త తీగల పార్సిలు వచ్చింది. భార్య వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. ఇంట్లో కాలు నిలవలేదు. భయం ఒక పక్కా, మోజు ఒక పక్కా లాగాయి. మోజే గెలిచింది.

వెళ్ళేసరికి చీకటి పడనే పడింది. మెట్లు దిగుతుంటే చేతి కింద కమ్మీ వణికింది. తన చెయ్యేనేమో అనుకున్నాడు. కాదు... కమ్మీయే.

దుమ్... దుమ్... దుదుమ్...

చెవి ఒగ్గి విన్నాడు. అది గుండె కాదు. తన బేసే! ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడతాడు. మూసిన తలుపు వెనక... ఎవరో వాయిస్తున్నారు.

మెలిక దగ్గరికొస్తోంది. ఇప్పుడు తప్పుతుంది... ఇదిగో, ఇప్పుడు...

తప్పలేదు. నీళ్ళలా జారిపోయింది.

ఒళ్ళంతా జలదరించింది. దెయ్యమే! మనిషైతే అక్కడ తడబడాలి కదా!

పారిపోదామని వెనక్కి తిరిగాడు. కానీ లోపలున్నది తన ప్రాణం లాంటి వస్తువాయె. కళ్ళు గట్టిగా మూసుకుని, ఇనప తలుపుని భుజంతో నెట్టాడు.

వెలుగూ, డ్రమ్స్ మోతా, పాటా ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి!

గోడలు మిగతా చప్పుళ్ళన్నీ మింగేసి, బేస్ అదురొక్కదాన్నే బయటికి వదులుతున్నాయి. వీధి విన్న గుండె అదే. బేస్ ఎక్కడైనా చేసే పనే అది. ఆ ముక్క బేస్ సొంతదారుకే తట్టలేదు.

డాక్టరు చేతుల్లో కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. మాస్టారు మైకు చాటున దాక్కోబోయాడు. మధ్యలో, కురచ చేసిన బెల్టుతో, బేస్ తగిలించుకుని... తన భార్య.

"అమ్మయ్య, మీరా!" అన్నాడు డాక్టరు. "దెయ్యమేమోనని హడలి చచ్చాం."

ఎవరూ నవ్వలేదు.

"మీ అక్క..." అన్నాడు షాపాయన.

"అక్క బాగానే ఉంది," అంది భార్య. "బీరువా రెండో తాళంచెవి ఇంట్లోనే ఉందిగా."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీరు రాత్రిళ్ళు ఫోన్లో పాఠాలు పెట్టుకుని గురక పెట్టేవారు. పాఠం నడుస్తూనే ఉండేది. నేను వినేదాన్ని. అప్పట్లో బేస్ ఇంట్లోనే ఉండేది... మీరు షాపుకెళ్ళాక తీసేదాన్ని." బెల్టు సర్దుకుంది. "ఒకసారి అడిగాను కూడా, నేనూ వాయించనా అని. మెత్తటి గుడ్డతో తుడవమన్నారు."

మాస్టారు దగ్గాడు. "శనివారం టౌన్ హాల్లో మన ప్రోగ్రాం ఉందండీ. మీతో చెప్పే ధైర్యం లేక... దెయ్యం సంగతి డాక్టరుగారి ఐడియా."

ఆవిడ బెల్టు తీసి బేస్‌ని అతనికి అందించింది. "మీ వస్తువు. శనివారం మీరే వాయించండి."

డాక్టరు కళ్ళు మూసుకున్నాడు, ఆయనకే ఎవరో పన్ను పీకబోతున్నట్టు.

షాపాయన బేస్ అందుకున్నాడు. మెడ ఇంకా వెచ్చగా ఉంది. అతని చేతి మీద వెంట్రుకలు ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి. ఏడాదిగా వాయిస్తున్నాడు, తన వాయింపుకి ఒక్కనాడూ అలా లేవలేదు.

తిరిగి ఆవిడ చేతికిచ్చేశాడు.

"ఆ మెలిక..." అన్నాడు గొణుగుతూ. "ఇంకోసారి వాయించు."

శనివారం హాలు నిండిపోయింది. షాపాయన ముందు వరసలో కూచున్నాడు. పాట అయ్యాక పక్క సీటాయన చప్పట్లు ఆపకుండానే ఇటు వంగాడు.

"ఆ బేస్ వాయించినావిడ ఎవరండీ? అదరగొట్టేసింది!"

"మా ఆవిడే," అన్నాడు షాపాయన, కాలర్ సర్దుకుంటూ. "నేర్పింది నేనే."