బ్రేకు మీద పాదం

పొద్దున్నే కళ్ళు తెరవగానే టీచర్ తన కాళ్ళను ఒకసారి పలకరించుకుంటుంది. కొన్ని వారాలుగా అవి రోజుకో వేషం వేస్తున్నాయి మరి. ఒకరోజు వేళ్ళ సందుల్లో ఇసుక ఇరుక్కున్నట్టుంటుంది, దులిపితే ఏమీ రాలదు. ఇంకోరోజు మేజోళ్ళు తొడుక్కున్నట్టుంటుంది, చూస్తే ఉత్త కాళ్ళే. ఆ రోజు మాత్రం అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పోసి విసురుతున్నట్టుంది. ఆమె దుప్పటి అంచు పట్టుకుని కుడి బొటనవేలి మీదుగా మెల్లగా లాగింది. చుర్రుమంది. అదే వేలిని గోటితో గట్టిగా నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ దుప్పటి లాగి చూసింది. మళ్ళీ చుర్రుమంది.

"మెత్తటి గుడ్డేమో కాలుస్తోంది, గోరు గుచ్చితేనేమో పట్టనట్టుంది. భలే తిక్క కాలు!" అనుకుంది. నొప్పిగా ఉన్నా, అదెలా జరుగుతోందో తేల్చుకోవాలన్న ఆరాటం ఆమెను కాసేపు మంచం మీదే కూర్చోబెట్టింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఏ యంత్రం మొరాయించినా ముందు మూత తీసి లోపలికి తొంగిచూడాలి. అలా తొంగిచూసీ చూసీ కార్ల దగ్గరకు చేరింది, డ్రైవింగ్ టీచర్ అయింది. ఆ పేటలో సగం మంది ఆమె పక్కన కూర్చునే స్టీరింగ్ పట్టుకున్నారు. అందుకే ఆమె అందరికీ టీచరే.

రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు కూడా ఆమె డాక్టర్‌ను ప్రశ్నలతో చంపుకు తింది. ఇప్పుడు వారానికోసారి ఆసుపత్రికి వెళ్ళి, నరంలోకి మందు ఎక్కించుకుని వస్తోంది. జుట్టు ఊడిపోతే, "దువ్వెన బెడద వదిలింది" అని నవ్వింది. ఒంట్లో ఓపికున్న రోజుల్లో ఒకటో రెండో పాఠాలు చెప్పుకోవచ్చని డాక్టరే అంది. కాళ్ళ సంగతి డాక్టర్‌కు తెలియదు. నర్సు ప్రతిసారీ, "కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు ఎక్కుతున్నాయా అమ్మా?" అని అడుగుతుంది. "అబ్బే, కాస్త చిమచిమ, అంతే" అని టీచర్ మాట దాటేస్తుంది. అన్నీ అడిగి తెలుసుకునే మనిషి ఈ ఒక్కటి మాత్రం ఎవర్నీ అడగలేదు.

వంటింట్లో టీ కలుపుతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నీ కుడికాలి చెప్పు ఎక్కడ?"

"కాలికే ఉంది అత్తయ్యా."

"కాలికుంటే నేనెందుకు అడుగుతాను?"

టీచర్ కిందికి చూసుకుంది. ఎడమకాలికి చెప్పు ఉంది. కుడికాలు చెప్పు లేకుండా గచ్చు మీద ఉంది. మేడ దిగి, హాలు దాటి, వంటింట్లో నిలబడి టీ మరిగించేదాకా ఆ కాలు ఈ ముక్క చెప్పనేలేదు. అత్తగారు మెట్ల మీద దొరికిన చెప్పును తెచ్చి ఆమె ముందు పడేసింది.

"మాటల్లో పడి చూసుకోలేదు" అంది టీచర్.

"ఎవరితో మాటలు? ఇంట్లో నీ మొగుడు కూడా లేడు."

అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. మనిషిని చూడకుండానే గొంతు విని గుట్టు లాగే రకం. కొడుకు నీటి మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు నుంచి ఫోన్ చేసి "భోంచేశానమ్మా" అంటే, "చెయ్యలేదు, ముందెళ్ళి తిను" అని పెట్టేస్తుంది. కోడలి గొంతులో ఆవిడకు ఇప్పుడేం వినిపించిందో గానీ మరో మాట అడగలేదు. ఆ మౌనం టీచర్‌కు నచ్చలేదు. టీ సగం తాగి, బూట్లు బిగించుకుని బయటపడింది.

ఆ పూట పాఠం పళ్ళ డాక్టరమ్మకు. ఎదుటివాళ్ళ దవడ పన్ను పీకేటప్పుడు వణకని ఆవిడ చేతులు స్టీరింగ్ మీద మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. నేర్పే కారులో టీచర్ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆమె ఆ బ్రేకు తొక్కుతుంది. ఇన్నేళ్ళలో ఆ కాలు ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

పాత గోదాముల పక్క రోడ్డు మీద పోతుండగా, సందులోంచి ఒక ముసలాయన తోపుడుబండితో అడ్డంగా వచ్చేశాడు. టీచర్ బ్రేకు తొక్కింది. తొక్కాననే అనుకుంది. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. కారు పోతూనే ఉంది. కిందికి చూస్తే ఆమె బూటు బ్రేకుకు జానెడు పక్కన, కారులో కింద పరిచిన ఉత్త చాప మీద, ఉన్న బలమంతా పెట్టి నొక్కుతోంది.

కారు కీచుమని ఆగింది. బండి చక్రానికీ కారు ముక్కుకూ మధ్య మనిషి పట్టేంత చోటు కూడా మిగల్లేదు. ముసలాయన నోటికొచ్చింది తిట్టి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

"టీచర్!" పళ్ళ డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. "నేనే ఆపాను! మీరు తొక్కకుండా నాకే వదిలేశారు కదూ? నా మీద ఎంత నమ్మకం మీకు!"

"ఆఁ... బాగా ఆపారు" అంది టీచర్. బూటు వెనక్కి లాక్కుంది. "ఇవాళ్టికి చాలు. వెనక్కి పోదాం."

ఇంటికి వచ్చేసరికి భర్త భోజనానికి వచ్చి ఉన్నాడు. అత్తగారు ఫోన్ పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"ఆసుపత్రికి ఫోన్ చేశాను" అంది ఆవిడ, ఉపోద్ఘాతం లేకుండా. "నర్సుతో మాట్లాడాను. నీ కాళ్ళకు స్పర్శ తెలియడం లేదని చెప్పాను. రేపు పొద్దున రమ్మన్నారు."

టీచర్ చేతిలోని తాళాలు టేబుల్ మీద విసురుగా పడ్డాయి. "మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. నువ్వు చెప్పడం లేదని నేను చెప్పాను."

"కాలు నాది, జబ్బు నాది! నాకు నోరు లేదా?"

"మెల్లగా..." భర్త కంచం ముందు నుంచి లేచాడు. "అమ్మ నీ మంచికే కదా..."

"మీరూరుకోండి. ఈవిడకు ముందు నుంచీ అలవాటే." టీచర్ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇది మీ ఎక్స్‌చేంజీ కాదు అత్తయ్యా, ఇద్దరి మాటల మధ్యలో దూరి వినడానికి! నా నొప్పి గురించి మీకేం తెలుసు?"

అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

"తెలియకే కదమ్మా అడిగాను" అంది. "నువ్వు చెప్పలేదు." తన గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది.

భర్త చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "నిజంగా తెలియడం లేదా?" అని అడిగాడు. టీచర్ వంగి బూట్ల తాళ్ళు విప్పుకోసాగింది. బ్రేకు సంగతి నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె గుమ్మం దాటేసరికి అత్తగారు బయట సంచి పట్టుకుని నిలబడి ఉంది. కొడుక్కి ఎవరిదో మోటారు అర్జెంటు పని పడింది. "నేను నోరు విప్పను. పక్కన కూర్చుంటాను, అంతే" అంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చెరో వైపు కిటికీలోంచి బయటికి చూశారు.

డాక్టర్ ఆమె బూట్లు విప్పించి బల్ల మీద పడుకోబెట్టింది. సొరుగులోంచి రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి తీసి అరచేతికి కొట్టింది. అది జుమ్మని మోగింది. మామూలప్పుడైతే టీచర్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేది.

"దీన్ని కాలి మీద పెడతాను. జుమ్మంటుంటే చెప్పండి. కళ్ళు మూసుకోండి."

టీచర్ కళ్ళు మూసుకుంది. చీకట్లో తన పాదం ఎక్కడుందో వెతుక్కుంది. దొరకలేదు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇప్పుడు?"

"ఆఁ, తెలుస్తోంది. జుమ్మంటోంది."

డాక్టర్ గొంతు చాలా మెత్తగా వినిపించింది. "అమ్మా, నేనింకా ఏమీ పెట్టలేదు."

టీచర్ కళ్ళు తెరిచింది. కడ్డీ డాక్టర్ చేతిలోనే, గాలిలో ఉంది. అత్తగారు గోడ మీది బొమ్మను మహా శ్రద్ధగా చూస్తోంది. దొరికిపోయిన సిగ్గుతో మొదలైన ఏడుపు ఎక్కడెక్కడి భయాలనో లాక్కుని బయటికొచ్చింది. డాక్టర్ కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"ఎందుకు దాచారు?"

"చెబితే మందు తగ్గిస్తారు." టీచర్ తలకు కట్టుకున్న గుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది. "కాళ్ళు ఇంతలా మండుతున్నాయంటే మందు లోపల గట్టిగా పనిచేస్తోందని అనుకున్నాను. నొప్పి తగ్గితే అది పనిచేయడం మానేసినట్టేనని... మళ్ళీ గడ్డ లేస్తుందేమోనని..." ఊపిరి పీల్చుకుంది. "నిన్న బ్రేకు తొక్కాననుకుని చాప తొక్కాను. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు."

అత్తగారు గోడ మీంచి చూపు తిప్పింది. అన్న మాట ప్రకారం నోరు మాత్రం విప్పలేదు.

"నొప్పికీ మందు పనితనానికీ ముడి లేదు" అంది డాక్టర్. "కాళ్ళు మండనివాళ్ళకూ మందు పనిచేస్తుంది. ఇది మందు నరాల కొసలకు చేస్తున్న హాని. పొడుగాటి నరాలకు ముందు తగులుతుంది, అందుకే పాదాల్లో మొదలైంది."

"మరి దుప్పటి తగిలితే కాలుతుంది, గోరు గుచ్చితే తెలియదు. అదెలా?" ఏడుపు మధ్యలోనే అడిగేసింది టీచర్.

డాక్టర్‌కు నవ్వొచ్చింది. "దెబ్బతిన్న నరం రెండు తప్పులూ చేస్తుంది. చెప్పాల్సింది చెప్పదు, లేనిది అరిచి చెబుతుంది."

"ఒక లైను చచ్చింది, ఇంకో లైను రాంగ్ నంబరు కలుపుతోంది" అని అత్తగారి నోరు జారింది. వెంటనే పెదాలు బిగించుకుంది.

"సరిగ్గా అంతే" అంది డాక్టర్.

ఒక వారం మందు ఆపి, తర్వాత మోతాదు కాస్త తగ్గించి ఎక్కిద్దామంది. అలా చేయడం ఓడిపోవడం కిందికి రాదని, చెప్పకుండా నడిపిస్తే నరాలు బాగా పాడై వైద్యమే మధ్యలో ఆపాల్సి వచ్చేదని వివరించింది. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా లొంగవట. నరాల నొప్పికి వేరే మాత్ర రాసిచ్చింది. మొదట్లో వికారం, మత్తు ఉండొచ్చు, కొన్ని వారాలు ఓపిక పట్టమంది. మందు ఎక్కించేటప్పుడు చేతులకూ కాళ్ళకూ చల్లటి తొడుగులు వేసి చూద్దామంది. ఈ మందుతో కొందరికి అవి మేలు చేస్తాయి, అందరికీ అని మాటివ్వలేనంది. ఉత్త కాళ్ళతో నడవొద్దు, వేణ్ణీళ్ళను ముందు మోచేత్తో చూసుకోవాలి, రోజూ ఎవరైనా పాదాలు పరీక్షగా చూడాలి.

"పూర్తిగా తగ్గుతుందా?" అంది టీచర్.

"చాలామందికి వైద్యం అయ్యాక నెలల మీద తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. మీకెలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను. స్పర్శ వచ్చేదాకా బ్రేకు మాత్రం ముట్టుకోకండి."

తిరుగు బస్సులో టీచర్ అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, నిన్న నేనన్న మాట..."

"ఏ మాట? నా ఉద్యోగంలో రోజుకు ఎన్ని మాటలు వినేదాన్నో, సాయంత్రానికి అన్నీ మరిచిపోయేదాన్ని."

"ఇదీ మరిచిపోయారా?"

"లేదు" అంది అత్తగారు. "ఇది కొన్నాళ్ళు ఉంటుంది." కాస్త ఆగి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి కోడలి చేతిలో పెట్టింది. "తాగు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది."

కారు పాఠాలను టీచర్ తోటి మాస్టారికి అప్పగించింది. పళ్ళ డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆ రోజు తను బ్రేకు ఎందుకు తొక్కలేకపోయిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ అంతా రెండుసార్లు చెప్పించుకుంది. చివరికి, "అయితే నిజంగానే నేనే ఆపానన్నమాట!" అంది. మోతాదు తగ్గించిన మందు ఎక్కించిన రోజు చల్లటి తొడుగుల్లో కాళ్ళు గడ్డకట్టుకుపోతుంటే, ఆ తొడుగుల్లో ఏం నింపుతారో, ఎంతసేపు చల్లగా ఉంటాయో నర్సును అడిగి విసిగించింది. మాత్ర మొదట కడుపులో తిప్పింది, తర్వాత కుదురుకుంది. మంట ఒక్కసారిగా పోలేదు. పక్కింట్లో పెట్టిన రేడియోను ఎవరో కొంచెం కొంచెం తగ్గిస్తున్నట్టు తగ్గుతూ వచ్చింది. మొద్దుబారడం మాత్రం అలాగే ఉంది.

ఒక సాయంత్రం ముందుగదిలో వెలుతురు పడేచోట అత్తగారు కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుంది.

"రా. కాలు ఇలా పెట్టు."

"మీ ఒళ్ళోనా? వద్దు అత్తయ్యా, ఆయన వచ్చాక చూస్తారులే."

"వాడికి మోటారులో పురుగు కనిపిస్తుంది గానీ మనిషి కాలికి గాయమైతే కనబడదు. పెట్టు."

టీచర్ మొహమాటపడుతూనే ఎదురుగా కూర్చుని కాలు చాపింది. అత్తగారు ఆ పాదాన్ని తువ్వాల్లోకి తీసుకుంది. వేళ్ళ సందులు విడదీసి చూసింది, మడమ తిప్పి చూసింది, పగుళ్ళకు క్రీము రాసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి తన కాలిని తాకడం ఇదే మొదటిసారని టీచర్‌కు తట్టింది. ఆ తాకడం తనకు తెలియకపోవడం ఎంత అన్యాయమో కూడా తట్టింది.

"కళ్ళు మూసుకో. నేను తాకుతాను, నువ్వు చెప్పు. దొంగాట వద్దు."

టీచర్ కళ్ళు మూసుకుంది.

"ఇక్కడ?"

"తెలియడం లేదు."

"ఇక్కడ?"

"లేదు అత్తయ్యా."

లేదని అనగలగడం ఇంత తేలికని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ వేళ్ళు పాదం మీద ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఊహించుకుంటూ కూర్చుంది. "ఇక్కడ? పోనీ ఇక్కడ?" అంటూ అత్తగారి గొంతు దగ్గరవుతోంది. చీలమండకు కాస్త పైన ఆమెకు ఏదో అందింది. చాలా సన్నగా, గుడ్డ చాటు నుంచి తగిలినట్టు.

"తెలుస్తోంది" అంది టీచర్. ఇంకాస్త గమనించింది. "మీ చెయ్యి వణుకుతోంది."

ఆమె కళ్ళు తెరిచింది. అత్తగారు తల వంచుకుని ఉంది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి.

"నా చెయ్యేం వణకడం లేదు" అంది ఆవిడ, వాటిని పైకి తోసుకుంటూ. "కాలు కదపకుండా కూర్చో."

టీచర్ మళ్ళీ కళ్ళు మూసుకుంది. కాలు కదపలేదు.